ఉచిత కోర్సులో ఎస్‌క్యూఎల్ నేర్చుకుంటున్నా, జాయిన్ దగ్గర బాకీల లెక్క తప్పుతోంది

లంకపిల్ల (ముమ్మిడివరం దగ్గర)

అందరికీ నమస్కారం అండి. నేను బీకాం కంప్యూటర్స్ చదివాను, రొయ్యల మేత అమ్మే కొట్లో లెక్కలు రాస్తాను. రెండు నెలల నుంచి రాత్రి పనులయ్యాక హార్వర్డ్ వాళ్ళ సీఎస్50 ఎస్‌క్యూఎల్ (పట్టికల్లోని సమాచారాన్ని అడిగి తెచ్చుకునే భాష) కోర్సు చూస్తున్నాను. డబ్బేమీ కట్టక్కర్లేదు, సున్నా వారం నుంచి ఆరో వారం దాకా ఏడు పాఠాలు, ఒక్కో పాఠం అయ్యాక చేయాల్సిన లెక్కలు ఉంటాయి. సున్నా వారంలో ఇంటర్నేషనల్ బుకర్ ప్రైజ్ జాబితా పుస్తకాల మీద సెలెక్ట్ (కావాల్సినవి తీయడం), వేర్ (షరతు పెట్టడం), లైక్ (పోలికతో వెతకడం) అన్నీ బాగానే వచ్చాయి. ఒకటో వారంలో పట్టికల్ని కలిపే జాయిన్ చెప్పినప్పుడు కూడా వీడియో చూస్తున్నంతసేపూ అర్థమైనట్టే ఉంది.

సరే అని మా కొట్టు లెక్కల మీద సొంతంగా చేద్దామనుకున్నాను. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ప్రోగ్రాంలో మూడు పట్టికలు పెట్టాను: రైతులు, బిల్లులు, జమలు. మా దగ్గర మేత అరువుకి పట్టుకెళ్తారు, చెరువు పట్టుబడి అయ్యాక కడతారు, మధ్యలో కొంత కొంత జమ చేస్తుంటారు. మూడు పట్టికలూ జాయిన్ చేసి, బిల్లుల మొత్తంలోంచి జమల మొత్తం తీసేశాను.

ఒక రైతు మాకు 30,000 ఇవ్వాలి, పుస్తకంలో అలాగే ఉంది. నా క్వెరీలో (ఎస్‌క్యూఎల్‌లో రాసిన ప్రశ్నలో) మేమే ఆయనకి 10,000 ఇవ్వాలని వచ్చింది. మా ఓనర్ గారు పక్కనే నిలబడి చూశారు, ఏమీ అనలేదు కానీ పుస్తకం తీసి మళ్ళీ బల్ల మీద పెట్టారు. అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

ఏటిగట్టు

అక్కా, వరసలు మళ్ళీ మళ్ళీ వస్తున్నట్టున్నాయి. సమ్ (కూడిక) లోపల డిస్టింక్ట్ (ఒకే విలువని ఒక్కసారే తీసుకునేది) పెట్టి చూడండి. మా కాలేజీ ల్యాబ్‌లో ఇలాంటిది వస్తే అలాగే సరిచేశాం.

భీమవరం బాబాయ్

తమ్ముడూ, డిస్టింక్ట్ వద్దు. ఇవాళ అంకె సరిపోయినట్టు కనిపిస్తుంది, రేపు ఒకే రైతుకి 25,000 చొప్పున రెండు బిల్లులు పడితే రెండూ ఒకటే అనుకుని ఒకదాన్ని మింగేస్తుంది. డబ్బు లెక్కలో అంతకంటే ప్రమాదం లేదు, ఎందుకంటే తప్పు జరిగినట్టు కూడా తెలియదు.

అమ్మాయ్, ఒక కాగితం తీసుకో. ఆ రైతుకి ఎన్ని బిల్లులు, ఎన్ని జమలు ఉన్నాయో ఇక్కడ రాయి, మిగతాది నేను చెబుతాను.

లంకపిల్ల

బిల్లులు మూడు బాబాయ్ గారూ: 40,000, 35,000, 25,000. జమలు రెండు: 50,000, 20,000.

భీమవరం బాబాయ్

అనుకున్నట్టే ఉంది. బిల్లులు మొత్తం లక్ష, జమలు 70,000, బాకీ 30,000. పుస్తకం కరెక్టు.

ఇప్పుడు నువ్వు జాయిన్‌ని ఏం అడిగావో చూడు. రైతు ఐడీ కలిస్తే చాలు జతకట్టు అన్నావు. 40,000 బిల్లుకి ఆ రైతుదే అయిన 50,000 జమ కలిసింది, 20,000 జమ కూడా కలిసింది. మిగతా రెండు బిల్లులకీ అంతే. మూడు రెళ్ళు ఆరు వరసలు. ప్రతి బిల్లూ రెండుసార్లు వచ్చింది కాబట్టి బిల్లుల మొత్తం 2,00,000 అయింది, ప్రతి జమా మూడుసార్లు వచ్చింది కాబట్టి జమలు 2,10,000 అయ్యాయి. తీసివేస్తే మైనస్ 10,000. నీకు వచ్చింది అదే కదా. జాయిన్ తప్పు చేయలేదు, చెప్పింది చెప్పినట్టు చేసింది. బిల్లుకీ జమకీ మధ్య నేరుగా ఏ సంబంధమూ లేదు, రెండింటికీ రైతు ఒక్కడే ఉమ్మడి, ఆ సంగతి దానికి తెలియదు.

కాబట్టి కలిపే ముందు కూడాలి. బిల్లులన్నీ రైతువారీగా కూడితే ఒక్కో రైతుకి ఒక్క వరస మిగులుతుంది. జమలూ అలాగే. అప్పుడు కలుపు, ఒకటికి ఒకటే జత. నేను ఫోన్‌లో తెలుగు కీబోర్డు మీద కొడుతున్నాను, కీవర్డులు (సెలెక్ట్, ఫ్రమ్ లాంటి భాష మాటలు) నువ్వు ఇంగ్లీషులో రాసుకో; బి, జ అనేవి బిల్లుల, జమల మొత్తాలకి నేను పెట్టిన పేర్లు:

విత్ బి యాజ్ (సెలెక్ట్ రైతు_ఐడీ, సమ్(మొత్తం) యాజ్ అరువు ఫ్రమ్ బిల్లులు గ్రూప్ బై రైతు_ఐడీ),
జ యాజ్ (సెలెక్ట్ రైతు_ఐడీ, సమ్(మొత్తం) యాజ్ కట్టింది ఫ్రమ్ జమలు గ్రూప్ బై రైతు_ఐడీ)
సెలెక్ట్ రైతులు.పేరు, అరువు - కట్టింది యాజ్ బాకీ
ఫ్రమ్ రైతులు
లెఫ్ట్ జాయిన్ బి ఆన్ బి.రైతు_ఐడీ = రైతులు.ఐడీ
లెఫ్ట్ జాయిన్ జ ఆన్ జ.రైతు_ఐడీ = రైతులు.ఐడీ;

ఇరవై రెండేళ్ళు డేటాబేసులతోనే బతికాను, జాయిన్ వల్ల పోయిన లెక్కల్లో ఎక్కువ భాగం ఇదే జబ్బు. వరసలు ఎన్ని వస్తాయో ముందే మనసులో అనుకుని, క్వెరీ నడిపాక అన్నే వచ్చాయో లేదో చూసుకోవడం అలవాటు చేసుకో. వంద మంది రైతులుంటే వంద వరసలే రావాలి. నూట ఒకటి వచ్చినా ఆగిపో.

ఏటిగట్టు

బాబాయ్ గారూ, అయితే మా ల్యాబ్ రికార్డులో రాసింది తప్పే. అందులో ఏ రెండు అంకెలూ ఒకటి కావు కాబట్టి బయటపడలేదు. రేపు మేడమ్‌కి చూపిస్తాను.

లంకపిల్ల

వచ్చింది బాబాయ్ గారూ! 30,000! చాలా థాంక్సండి. కానీ ఇంకోటి. కొంతమందికి బాకీ ఖాళీగా వస్తోంది. సున్నా కూడా కాదు, ఏమీ లేదు. వాళ్ళే అసలు మాకు ఎక్కువ ఇవ్వాల్సిన వాళ్ళు, ఇంకా ఒక్క పైసా కట్టని వాళ్ళు.

కొబ్బరాకు (అమలాపురం)

నేను డిగ్రీ పిల్లలకి కంప్యూటర్స్ చెబుతాను, ఇది నేను చెబుతానమ్మా. వాళ్ళు కట్టలేదు కాబట్టి జమల వైపు వాళ్ళ వరసే లేదు. ఎడమవైపు పట్టిక వరసలన్నీ ఉంచే లెఫ్ట్ జాయిన్ ఆ గడిలో నల్ పెడుతుంది. నల్ అంటే సున్నా కాదు, అక్కడ ఏముందో తెలియదు అని. లక్షలోంచి తెలియనిది తీసేస్తే ఎంత? తెలియదు. అందుకే బాకీ కూడా నల్. కోయలెస్ అని ఒక ఫంక్షన్ ఉంది, కోయలెస్(కట్టింది, 0) అని రాస్తే నల్ ఉన్నచోట సున్నా తీసుకుంటుంది. అరువుకీ అలాగే పెట్టు, బిల్లే లేని రైతులూ ఉంటారు కదా.

మా క్లాసులో పిల్లలు ఎక్కువ తడబడేది ఇక్కడే. ఫోన్ నంబరు లేని రైతులెవరో చూడాలంటే వేర్ ఫోన్ = నల్ అని రాస్తారు, ఒక్కరూ రారు. తెలియనిది తెలియనిదానికి సమానమా అంటే జవాబు అవును కాదు, కాదు కాదు, తెలియదు. వేర్ నిజమైన వరసల్నే పైకి తెస్తుంది. ఈజ్ నల్ అని రాయాలి. కౌంట్ విషయంలో కూడా చూసుకో: కౌంట్ లోపల స్టార్ పెడితే వరసలన్నీ లెక్కపెడుతుంది, ఫోన్ అని పెడితే ఫోన్ ఉన్నవాళ్ళనే.

ఇంకో మాట, ఈ పంటకి మేత కొనని రైతుల జాబితా కూడా నీకు కావాల్సి వస్తుంది. అప్పుడు బిల్లు తేదీ షరతుని వేర్‌లో పెట్టకు, జాయిన్ షరతు రాసే ఆన్ దగ్గరే పెట్టు. వేర్‌లో పెడితే నల్ తేదీ ఉన్న వరసలన్నీ రాలిపోయి లెఫ్ట్ జాయిన్ పెట్టీ పెట్టనట్టే అవుతుంది.

వనామీ (ఆకివీడు)

ఇక్కడ మా వాళ్ళే ఉన్నారు కాబట్టి నా బాధ కూడా చెబుతాను. మావి నాలుగు చెరువులు. నాన్న రోజూ ఏ చెరువుకి ఎంత మేత వేశారో డైరీలో రాస్తారు, నేను వాటిని ఎస్‌క్యూలైట్‌లో ఎక్కించి ఎఫ్‌సీఆర్ తీస్తున్నాను. తెలియని వాళ్ళకి: ఎఫ్‌సీఆర్ అంటే వేసిన మేత కిలోలని పట్టిన రొయ్యల కిలోలతో భాగిస్తే వచ్చేది, ఎంత తక్కువైతే అంత మంచిది. మొదటిసారి క్వెరీ నడిపితే నాలుగు చెరువులకీ 1 వచ్చింది. ఇంట్లో అందరికీ చూపించాను. నాన్న ఒక్క చూపు చూసి, మూడో చెరువుకి ఎంత మేత పోశానో నాకు తెలీదా, ఇది అబద్ధం అన్నారు. మళ్ళీ కాలిక్యులేటర్‌లో వేస్తే 1.4, 1.6, ఇలా ఉన్నాయి. ఎందుకు ఇలా వస్తోంది?

భీమవరం బాబాయ్

రెండూ పూర్ణాంకాలుగా పెట్టావు. ఎస్‌క్యూలైట్‌లో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే దశాంశం తర్వాతది కత్తిరించేస్తుంది, 1600ని 1000తో భాగిస్తే 1. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లోనూ అంతే. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ మాత్రం 1.6000 అని దశాంశంతో ఇస్తుంది. మేతని 1.0తో గుణించి తర్వాత భాగించు, అన్నిచోట్లా సరిగ్గా వస్తుంది.

మీ నాన్నగారు చేసిన పని మాత్రం గుర్తుపెట్టుకో. జవాబు ఉజ్జాయింపుగా ఎంత ఉండాలో ఆయనకి ముందే తెలుసు.

పాలకొల్లు ప్యాసింజర్

నా సంగతి వేరే. డిగ్రీ అయి రెండేళ్ళయింది. పోయిన ఏడాది హైదరాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్లో 28,000 కట్టి డేటా అనలిస్ట్ కోర్సులో చేరాను. మూడు నెలలన్నారు, నెలన్నరకి సారు మానేశారు, తర్వాత రికార్డ్ చేసిన వీడియోలు ఇచ్చారు. రూము అద్దె, మెస్సు అన్నీ కలిపి ఇంటి దగ్గర అమ్మ చేసిన అప్పు ఇంకా తీరలేదు. ఇప్పుడు ఇంటికి వచ్చేశాను. ఉచితంగా చదివితే నిజంగా వస్తుందా? ఉద్యోగం వస్తుందా? సూటిగా చెప్పండి, ఇంకోసారి మోసపోయే ఓపిక లేదు.

కొబ్బరాకు

నాయనా, ముందు ఆ 28,000 గురించి నిన్ను నువ్వు తిట్టుకోకు.

పాఠం విషయానికొస్తే, ఉచితంగా దొరికేది ఏ కోచింగ్‌కీ తీసిపోదు. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 2011లోనే తమ డేటాబేసుల కోర్సుని ఆన్‌లైన్‌లో అందరికీ ఉచితంగా తెరిచారు. ఇప్పుడైతే ఎంచుకోవడమే కష్టం. నువ్వు మొదలుపెట్టాలంటే ఎస్‌క్యూఎల్‌బోల్ట్‌తో మొదలుపెట్టు, బ్రౌజర్‌లోనే సినిమాల పట్టిక మీద రాయిస్తుంది, ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత లంకపిల్ల చేస్తున్న సీఎస్50. దాని లెక్కలు చేయడానికి గిట్‌హబ్ (ప్రోగ్రాములు దాచుకునే సైటు) ఖాతా ఉంటే చాలు. అన్నీ పూర్తిచేసి చివర్లో సొంత ప్రాజెక్టు ఇస్తే వాళ్ళ సర్టిఫికెట్ ఉచితంగానే వస్తుంది, ఎడ్‌ఎక్స్ అనే కోర్సుల సైటు ఇచ్చే వెరిఫైడ్ సర్టిఫికెట్ కావాలంటేనే డబ్బు. డిగ్రీ సిలబస్‌లా పద్ధతిగా నార్మలైజేషన్ (పట్టికల్ని సరిగ్గా విడగొట్టడం), ట్రాన్సాక్షన్ల (మార్పులన్నీ కలిపి ఒకేసారి ఖాయం చేయడం) దాకా కావాలంటే ఐఐటీల పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్ సైటులో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళ డీబీఎంఎస్ (డేటాబేస్ నిర్వహణ) కోర్సు ఉంది, ఎనిమిది వారాలు. చేరడం ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. అసైన్‌మెంట్లకి 25 శాతం, పరీక్షకి 75 శాతం.

ఉద్యోగం గురించి సూటిగా అడిగావు, సూటిగానే చెబుతాను. ఒక్క ఎస్‌క్యూఎల్ చూసి ఎవరూ పిలవరు. ఎక్సెల్ బాగా వచ్చి, ఎస్‌క్యూఎల్ చేతిలో ఉండి, సొంతంగా చేసిన పని ఒకటి చూపించగలిగితే ఎంఐఎస్ (సంస్థ లెక్కల నివేదికలు తయారుచేయడం), రిపోర్టింగ్ పనులకి తలుపు తెరుచుకుంటుంది. మా పాత విద్యార్థులు అలా వెళ్ళినవాళ్ళు ఉన్నారు, వెళ్ళలేకపోయినవాళ్ళూ ఉన్నారు.

పాలకొల్లు ప్యాసింజర్

థాంక్స్ మేడమ్. ఇంకో భయం, ఇది నేర్చుకునేలోపే పాతబడిపోతుందేమో అని. రోజుకో కొత్త పేరు వినపడుతోంది.

భీమవరం బాబాయ్

ఆ భయం వద్దు. ఐబీఎంలో పనిచేసిన కాడ్ అనే ఆయన 1970లో ఒక వ్యాసం రాశాడు, సమాచారాన్ని పట్టికలుగా పెట్టుకుంటే అది లోపల ఎక్కడుందో తెలియకపోయినా అడగొచ్చని. 1974లో అదే సంస్థలో ఛాంబర్లిన్, బాయ్స్ అనే ఇద్దరు దానికి భాష తయారుచేశారు, పేరు సీక్వెల్. ఆ పేరు వేరేవాళ్ళ ట్రేడ్‌మార్క్ అని తేలాక ఎస్‌క్యూఎల్ అయింది, అందుకే ఇప్పటికీ కొందరు సీక్వెల్ అంటారు, కొందరు ఎస్‌క్యూఎల్ అంటారు, రెండూ వినపడతాయి. 1986లో అమెరికాలో ప్రమాణంగా ఖాయమైంది, మరుసటి ఏడాది అంతర్జాతీయంగా. నేను ఉద్యోగంలో చేరిన రోజు రాసిన సెలెక్ట్ ఇవాళ కూడా నడుస్తుంది. ఎస్‌క్యూలైట్‌లో నేర్చుకుని ఒరాకిల్‌కి వెళ్ళినా, పోస్ట్‌గ్రెస్‌కి వెళ్ళినా, పైన భాగహారంలో చెప్పినటువంటి తేడాలు కొన్ని చూసుకుంటే చాలు.

ఇంటర్వ్యూలో అడిగేవి కూడా నా కాలం నుంచి పెద్దగా మారలేదు. రెండో అత్యధిక జీతం ఎవరిది, వేర్‌కీ హేవింగ్‌కీ (గ్రూపుల మీద పెట్టే షరతు) తేడా ఏమిటి, లెఫ్ట్ జాయిన్‌లో ఏ వరసలు మిగులుతాయి. ఫ్రమ్ ముందు, తర్వాత వేర్, తర్వాత గ్రూప్ బై, తర్వాత హేవింగ్, ఆ తర్వాతే సెలెక్ట్, చివర్న ఆర్డర్ బై, డేటాబేస్ ఈ వరసలో ఆలోచిస్తుందని తెలిస్తే సగం ప్రశ్నలు వాటంతట అవే విడిపోతాయి.

ఏటిగట్టు

నేను ఇవాళ ఒకటి కనిపెట్టాను, పంచుకుంటున్నా. ఎస్‌క్యూలైట్‌లో పట్టికల పేర్లు, కాలమ్ పేర్లు తెలుగులో పెట్టొచ్చు. కీవర్డులే ఇంగ్లీషులో ఉండాలి. ఇంకా, గోదావరి అనే మాట లెంగ్త్ (పొడవు) అడిగితే 7 అంది. మనం పలికితే గో, దా, వ, రి నాలుగే కదా, గుణింతం గుర్తుల్ని విడిగా లెక్కపెడుతోంది. మైఎస్‌క్యూఎల్‌లో అదే లెంగ్త్ అడిగితే 21 వచ్చింది!

కొబ్బరాకు

భలే చూశావు. మైఎస్‌క్యూఎల్‌లో లెంగ్త్ అంటే బైట్లు, యూటీఎఫ్-8 అనే అక్షరాలు దాచే పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. అక్కడ క్యార్ లెంగ్త్ అని అడగాలి, అప్పుడు 7 వస్తుంది. పేరు కాలమ్‌కి ఎంత పొడవు ఇవ్వాలో లెక్కేసేటప్పుడు ఇది పనికొస్తుంది.

లంకపిల్ల

పేర్లు అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. కోయలెస్ పెట్టాక బాకీలు వచ్చాయి కానీ పుస్తకంతో పోలిస్తే పదకొండు మందికి తేడా ఉంది. చూస్తే ఎక్సెల్ నుంచి తెచ్చినప్పుడు ఒకే రైతు ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట ఇంటిపేరు లేకుండా, ఇంకోచోట పేరు చివర గారు అని కూడా ఉన్నాడు. ముగ్గురు రైతులైపోయారు. అటుపక్క మా ఊళ్ళో నిజంగానే ఒకే పేరున్న వాళ్ళు నలుగురు, అందులో ఇద్దరికి ఇంటిపేరు కూడా ఒకటే. ఫోన్ నంబర్ని ఐడీగా పెట్టమంటారా?

భీమవరం బాబాయ్

వద్దు. ఫోన్ మారుతుంది, తండ్రీకొడుకులు ఒకే నంబరు ఇస్తారు. ఏ అర్థమూ లేని ఒక సంఖ్య ఇచ్చేయి, 1, 2, 3 అని. అదే ప్రైమరీ కీ, అంటే ఆ వరసని గుర్తుపట్టే సంఖ్య. పేరు, ఊరు, ఫోన్ అన్నీ రైతుల పట్టికలో ఒక్కచోటే ఉండాలి, బిల్లులో రైతు ఐడీ తప్ప పేరు రాయకు. రేపు ఆయన ఫోన్ మారిస్తే ఒక్క గడి దిద్దితే చాలు. మీ కోర్సులో రెండో వారం అంతా ఇదే, పట్టికలు ఎలా అమర్చాలి అని. దాన్ని మాత్రం తొందరపడి దాటేయకు, నన్నడిగితే కోర్సు మొత్తానికి అదే గుండెకాయ.

తేదీలు కూడా చూసుకో. ఎస్‌క్యూలైట్‌లో తేదీకి విడిగా రకం లేదు. 05-11-2024 అని మనం రాసినట్టు పెడితే అది ఉత్త అక్షరాలే, వరసలో పెడితే అన్ని నెలల ఐదో తారీకులూ ఒకచోట చేరతాయి. 2024-11-05 అని పెట్టు.

ఆ ముగ్గుర్ని ఒక్కడిగా కలిపేటప్పుడు అప్‌డేట్ రాస్తావు కదా, అక్కడ జాగ్రత్త. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక సంస్థలో వేర్ లేకుండా అప్‌డేట్ కొట్టాను. ఒక కస్టమర్ చిరునామా మార్చబోయి అందరిదీ మార్చేశాను. ముందు రాత్రి బ్యాకప్ ఉంది కాబట్టి తెల్లారేసరికి కోలుకున్నాం, ఆ రాత్రంతా నాతో కూర్చున్న సీనియర్‌ని ఇప్పటికీ తలుచుకుంటాను. అప్పటినుంచి ముందు అదే వేర్‌తో సెలెక్ట్ నడిపి ఎవరెవరు వస్తారో కళ్ళారా చూస్తాను. తర్వాత బిగిన్, అప్‌డేట్, మళ్ళీ చూడ్డం, సరిగ్గా ఉంటే కమిట్ (ఖాయం చేయడం), లేకపోతే రోల్‌బ్యాక్ (వెనక్కి తీసుకోవడం).

వనామీ

బ్యాకప్ అంటే గుర్తొచ్చింది. 1996 నవంబరు తుఫానులో మా తాతయ్య ఖాతా పుస్తకాలన్నీ నానిపోయాయట. ఎవరు ఎంత ఇవ్వాలో ఊళ్ళోవాళ్ళు చెప్పిందే లెక్క అయింది. చాలామంది నిజమే చెప్పారని నాన్న అంటారు. మన ఎస్‌క్యూలైట్ ఫైలుకి ఏం జాగ్రత్త తీసుకోవాలి?

భీమవరం బాబాయ్

ఎస్‌క్యూలైట్‌లో డేటాబేస్ మొత్తం ఒక్క ఫైలే, అదే దాని సుఖం. ప్రోగ్రాం మూసేసి ఆ ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి, ఫైలు పేరులో తేదీ పెట్టు. ఒకటి కొట్లో, ఒకటి ఇంట్లో, ఒకటి ఈమెయిల్లో. నెలకోసారి ఆ కాపీని తెరిచి చూడు కూడా.

లంకపిల్ల

ఐదు రోజులకి మళ్ళీ వచ్చాను. బాబాయ్ గారు చెప్పినట్టు రైతులందరికీ ఐడీలు ఇచ్చి, బిల్లుల్లోంచి పేర్లు తీసేశాను. సెలెక్ట్ చేసి చూసుకున్నాకే అప్‌డేట్ చేశాను. నిన్న సాయంత్రం ఓనర్ గారు పుస్తకం పట్టుకుని కూర్చున్నారు, నేను స్క్రీన్ మీద చదివాను, 86 మంది. ముగ్గురి దగ్గర తేడా వచ్చింది. ఒకటి నేను జమ ఎక్కించడం మర్చిపోయింది, అది దిద్దాను. రెండు పుస్తకంలో పేజీ మారేటప్పుడు కిందటి మొత్తం ముందుకి తేవడంలో జరిగిన పొరపాటు. అందులో ఒక రైతు దగ్గర మేం 2,000 ఎక్కువ అడుగుతున్నాం. ఓనర్ గారు అక్కడికక్కడే ఆయనకి ఫోన్ చేసి చెప్పారు.

తర్వాత నన్ను ఒకటి అడిగారు: దాళ్వా (రబీ) సీజన్లో ఏ ఊళ్ళో మేత ఎక్కువ పోతోంది, ఏ ఊళ్ళో జమలు ఆలస్యంగా వస్తున్నాయి అని. గ్రూప్ బై ఊరు అని రాయొచ్చు కానీ ఊర్ల పేర్లు కూడా నేను మూడు రకాలుగా కొట్టేశాను. అంటే ఊర్లకీ విడిగా పట్టిక పెట్టాలి కదా బాబాయ్ గారూ?

భీమవరం బాబాయ్

పెట్టాలమ్మా. ఊర్లు అని ఒక పట్టిక, రైతుల పట్టికలో ఊరు_ఐడీ. ఆలస్యం లెక్కకి బిల్లు తేదీ ఉంది, జమ తేదీ ఉంది, కానీ ఏ జమ ఏ బిల్లుకి చెందుతుందో మీ కొట్లో రాసుకోరు కదా. అది ముందు ఓనర్ గారిని అడుగు: పాత బిల్లుకే ముందు జమ వేస్తారా, లేక రైతు చెప్పినదానికా? ఆయన చెప్పాక రా, క్వెరీ కలిసి రాద్దాం.